అకౌంటింగ్ సంస్థలో డేటా చోరీ: ఖాతాదారులకు ఉన్న న్యాయమార్గాలు

పన్ను రిటర్నులు, ఆడిట్, జీతాల లెక్కలు చూసే సంస్థ కంప్యూటర్లలోకి బయటివాళ్లు చొరబడినా, లోపలి ఉద్యోగే ఫైళ్లు బయటికి చేరవేసినా ముందుగా దెబ్బతినేది ఆ సంస్థను నమ్మి కాగితాలు అప్పగించిన ఖాతాదారులే. అప్పుడు వారికి చట్టం చూపే దారులు కొన్ని ఉన్నాయి. ఏం పోయిందో తెలుసుకోవడం ఒక హక్కు. నష్టపరిహారం కోసం దావా వేయవచ్చు. ప్రభుత్వ నియంత్రణ సంస్థలకు, వృత్తి మండలికి ఫిర్యాదు చేయవచ్చు. జనం ఎక్కువగా ఆశ పెట్టుకునేది నష్టపరిహారం మీద, కానీ ఆచరణలో అన్నిటికంటే బలహీనమైన దారి అదే. సమాచారం దొంగల పాలైందన్న ఒక్క కారణంతో చాలా కోర్టులు డబ్బు ఇప్పించవు. దానివల్ల ఫలానా నష్టం జరిగిందని చూపమంటాయి. అందుకే చోరీ సంగతి తెలిసిన తొలి రోజుల్లో ఖాతాదారు దాచుకున్న కాగితాలే తర్వాత కేసు దశను నిర్ణయిస్తాయి.

ఈ తరహా దావాలు, చట్టాలు ఎక్కువగా అభివృద్ధి చెందింది అమెరికాలో. ఏటా ఏప్రిల్ 15 లోపు అక్కడి రిటర్నులు దాఖలు చేసే లక్షలాది తెలుగువారికి ఇది సొంత విషయమే. భారత్‌లో చట్టం ఇప్పుడు ఒక రూపం నుంచి మరో రూపానికి మారుతోంది.

పోయేది ఏమిటి

దుకాణంలో క్రెడిట్ కార్డు నంబరు పోతే బ్యాంకు కొత్త కార్డు ఇస్తుంది. అకౌంటెంటు దగ్గర పోయేవి అలా మార్చుకోగలిగినవి కావు. అమెరికాలో వ్యక్తిగత ఆదాయపు పన్ను రిటర్ను ఫారం 1040లో భార్యాభర్తల, పిల్లల సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఉంటాయి. రిఫండు పడాల్సిన బ్యాంకు ఖాతా వివరాలు ఉంటాయి. దానికి జతగా యజమాని ఇచ్చే డబ్ల్యూ-2లో జీతం మొత్తం ఉంటుంది. ప్రవాస భారతీయుల ఫైలు ఇంకా లావు. విదేశీ ఖాతాల్లో అన్నీ కలిపి 10,000 డాలర్లు దాటితే ఇచ్చే ఎఫ్‌బార్ నివేదిక కోసం భారత్‌లోని ఎన్ఆర్ఈ, ఎన్ఆర్ఓ ఖాతాల నంబర్లు, అమ్మానాన్నలతో కలిసి తెరిచిన జాయింటు ఖాతాల నంబర్లు కూడా సీపీఏ (అమెరికాలో లైసెన్సున్న అకౌంటెంటు) దగ్గరకు వెళతాయి. హెచ్-4 వీసా మీద ఉన్న భార్యకో బిడ్డకో పన్ను గుర్తింపు నంబరైన ఐటిన్ కావాలంటే పాస్‌పోర్టు ప్రతి వెళుతుంది. పిల్లల నంబరు పోవడం మరీ ప్రమాదం. ఆ బిడ్డ పెద్దయి మొదటిసారి అప్పుకు దరఖాస్తు పెట్టేదాకా, తన పేరుతో ఎవరో అప్పులు చేశారన్న సంగతి బయటపడకపోవచ్చు.

దొంగలకు ఈ సమాచారంతో తేలికైన పని దొంగ రిటర్ను. జనవరి చివర్లో దాఖలు మొదలవగానే ఖాతాదారు పేరుతో రిటర్ను వేసి, రిఫండును తమ ఖాతాకు మళ్లించుకుంటారు. మార్చిలో అసలు మనిషి ఈ-ఫైల్ చేయబోతే, ఈ నంబరుతో రిటర్ను ఇప్పటికే అందిందంటూ వెనక్కి వస్తుంది. ఆ చిక్కు విడదీయడానికి అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కు సగటున 22 నెలలు పడుతోందని నేషనల్ టాక్స్‌పేయర్ అడ్వొకేట్ 2024లో ఎత్తిచూపారు. దాదాపు రెండేళ్లపాటు న్యాయంగా రావాల్సిన సొమ్ము ఆగిపోవడం మధ్యతరగతి కుటుంబానికి చిన్న దెబ్బ కాదు.

పెద్ద సంస్థలు కూడా దీనికి అతీతం కావు. ఈమెయిల్ వ్యవస్థలోకి చొరబాటు జరిగిందని డెలాయిట్ 2017 సెప్టెంబరులో ఒప్పుకుంది. 2023లో మూవిట్ అనే ఫైలు బదిలీ సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని దొంగలు వాడుకున్నప్పుడు, దాన్ని ఉపయోగిస్తున్న పీడబ్ల్యూసీ, ఎర్నెస్ట్ అండ్ యంగ్ కూడా ఆ దెబ్బ తగిలిన వేలాది సంస్థల్లో ఉన్నాయి. అమెరికాలో ఆ దావాలన్నిటినీ మసాచుసెట్స్ ఫెడరల్ కోర్టు ముందుకు చేర్చారు.

తెలియజేయాల్సిన బాధ్యత

వ్యక్తిగత సమాచారం చోరీ అయితే బాధితులకు చెప్పి తీరాలన్న చట్టాన్ని అమెరికాలో మొదట కాలిఫోర్నియా చేసింది. అది 2003 జులై 1న అమల్లోకి వచ్చింది. 2018లో అలబామా, సౌత్ డకోటా కూడా చేయడంతో 50 రాష్ట్రాల్లోనూ ఇలాంటి చట్టం ఉన్నట్లయింది. గడువులు మాత్రం ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. టెక్సస్‌లో బాధితులకు 60 రోజుల్లోగా చెప్పాలి. ఫ్లోరిడా, కొలరాడో, వాషింగ్టన్‌లలో 30 రోజులే. న్యూయార్క్ 2024 డిసెంబరులో 30 రోజుల గడువు తెచ్చింది. సంస్థ ఏ రాష్ట్రంలో ఉందన్నది కాదు, బాధితుడు ఏ రాష్ట్రంలో నివసిస్తున్నాడన్నదే ఇక్కడ లెక్క. డాలస్‌లోని సీపీఏకు సియాటెల్‌లో ఖాతాదారు ఉంటే వాషింగ్టన్ చట్టమూ చూడాలి.

ఫెడరల్ స్థాయిలో 1999 నాటి గ్రామ్-లీచ్-బ్లైలీ చట్టం పన్ను రిటర్నులు తయారుచేసే వారిని కూడా ఆర్థిక సంస్థల కిందే లెక్కిస్తుంది. దాని కింద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రాసిన సేఫ్‌గార్డ్స్ రూల్ ప్రకారం రాతపూర్వక భద్రతా ప్రణాళిక, బహుళ అంచెల లాగిన్, ఎన్‌క్రిప్షన్ ఉండాలి. ఐదు వేల మంది కంటే తక్కువ వినియోగదారుల సమాచారం ఉన్న సంస్థలకు కొన్ని నిబంధనల నుంచి మినహాయింపు ఉంది కానీ మొత్తం బాధ్యత నుంచి కాదు. 2024 మే 13 నుంచి, కనీసం 500 మందికి చెందిన ఎన్‌క్రిప్ట్ చేయని సమాచారం పోయిన సందర్భంలో 30 రోజుల్లో కమిషన్‌కే తెలపాలి. ఈ చట్టం కింద ఖాతాదారు నేరుగా దావా వేయలేడు. అయినా సంస్థ ఏ ప్రమాణం పాటించి ఉండాల్సిందో కోర్టుకు చూపడానికి ఆ రూల్ పనికొస్తుంది.

ఆలస్యం ఎంత దూరం వెళుతుందో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీ ప్రాంతానికి చెందిన వోజెస్కీ అండ్ కంపెనీ వ్యవహారం చూపిస్తుంది. 2023 జులైలో రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి సొమ్ము అడిగే) దాడి జరిగితే ఖాతాదారులకు ఏడాదికి పైగా కబురు అందలేదు. ఈలోగా 2024లో మరోసారి సమాచారం బయటికి పోయింది. రాష్ట్ర అటార్నీ జనరల్ చర్యతో సంస్థ 60,000 డాలర్లు కట్టడానికి, భద్రత పెంచుకోవడానికి ఒప్పుకుంది. ఇలాంటి అపరాధపు సొమ్ము రాష్ట్ర ఖజానాకు చేరుతుంది. దాన్ని బాధితుల నష్టపరిహారమని పొరబడకూడదు.

ఇక ఆ ఉత్తరం. చోరీ నోటీసు సాధారణంగా రెండు, మూడు పేజీల మామూలు కవరులో వస్తుంది. చాలామంది ప్రకటన అనుకుని పారేస్తారు. అందులో నాలుగు విషయాలు వెతకాలి. చొరబాటు ఏ తేదీన జరిగింది, సంస్థకు ఎప్పుడు తెలిసింది, ఉత్తరం మీద తేదీ ఏమిటి, మీ వివరాల్లో ఏవి పోయాయి. మొదటి మూడు తేదీల మధ్య ఎడమే నిర్లక్ష్యానికి, ఆలస్యానికి సాక్ష్యం. ఉచిత క్రెడిట్ పర్యవేక్షణ కోసం ఒక కోడు ఇస్తారు, దానికి చివరి తేదీ ఉంటుంది. ఆ సేవ తీసుకున్నంత మాత్రాన మామూలుగా దావా హక్కు పోదు. అయితే చేరేటప్పుడు చూపించే షరతుల్లో మధ్యవర్తిత్వపు క్లాజు ఉందేమో చదివి ఒప్పుకోవడం మంచిది. కవరుతో సహా ఉత్తరాన్ని దాచాలి, పోస్టు ముద్ర కూడా ఒక తేదీయే.

దానితోపాటు చేయాల్సిన పనులు మూడు: తమ పేరుతో వేరేవారు రిటర్ను వేయకుండా ఐఆర్ఎస్ నుంచి ఆరంకెల ఐపీ పిన్ తీసుకోవడం, తమ పేరున కొత్త అప్పులు పుట్టకుండా మూడు క్రెడిట్ బ్యూరోల దగ్గర ఫ్రీజ్ పెట్టడం, దొంగ రిటర్ను పడి ఉంటే గుర్తింపు చోరీ ఫిర్యాదుగా ఫారం 14039 దాఖలు చేయడం. 2018 సెప్టెంబరు నుంచి ఫ్రీజ్ ఉచితం, 16 ఏళ్ల లోపు పిల్లల పేరున తల్లిదండ్రులు పెట్టవచ్చు. ఇవి రక్షణ చర్యలే అయినా కేసులోనూ విలువైనవే. నష్టాన్ని తగ్గించుకోవడానికి బాధితుడు తన వంతు చేశాడా అని కోర్టు అడుగుతుంది. ఫోనులో గడిపిన గంటలు, పెట్టిన ఖర్చు ఏ రోజుకారోజు రాసుకున్నవారికి సెటిల్‌మెంటులో ఎక్కువ దక్కుతుంది.

కోర్టు గడప

అమెరికా ఫెడరల్ కోర్టులో దావా నిలవాలంటే నిజమైన, నిర్దిష్టమైన హాని జరిగి ఉండాలి. దీన్ని ఖాతాదారులకు కష్టంగా మార్చింది క్రెడిట్ బ్యూరో ట్రాన్స్‌యూనియన్ కేసులో సుప్రీంకోర్టు 2021 జూన్ 25న 5-4 ఆధిక్యంతో ఇచ్చిన తీర్పు. తమ క్రెడిట్ ఫైళ్లలో ఉగ్రవాదుల జాబితాతో పేరు కలిసిందన్న తప్పుడు హెచ్చరిక నమోదైన 8,185 మంది తరఫున వేసిన దావా అది. వారిలో ఆ నివేదిక మూడోవారి చేతికి చేరిన 1,853 మందికే నష్టపరిహారం కోరే అర్హత ఉందని కోర్టు తేల్చింది. మిగతావారి ఫైలులో తప్పు ఉన్నా అది బయటికి పోలేదు కాబట్టి హాని జరగలేదని లెక్కవేసింది. ముందుముందు హాని జరగవచ్చన్న భయం ఒక్కటే డబ్బు అడగడానికి చాలదన్న ఆ తర్కాన్ని డేటా చోరీ కేసుల్లో ప్రతివాదులు అప్పటినుంచీ విడవకుండా వాడుతున్నారు.

కింది అప్పీలు కోర్టులు మాత్రం ఒక్కమాట మీద లేవు. ఒక ఫార్మసీ డేటా చోరీపై బోస్టన్‌లోని ఫస్ట్ సర్క్యూట్ 2023లో ఇచ్చిన తీర్పు అకౌంటింగ్ ఖాతాదారులకు బాగా దగ్గరిది. చోరీ తర్వాత ఒక బాధితురాలి పేరుతో దొంగ పన్ను రిటర్ను పడింది. అది స్పష్టమైన హాని అని, దుర్వినియోగం ఇంకా కనిపించని మరో బాధితురాలికి కూడా ఆ ముప్పు, దానికోసం పోయిన సమయం కలిపి అర్హత ఉందని ఆ కోర్టు చెప్పింది. ఫిలడెల్ఫియాలోని థర్డ్ సర్క్యూట్ 2022లో, న్యూయార్క్‌లోని సెకండ్ సర్క్యూట్ 2023లో దాదాపు ఇదే దారి పట్టాయి. అట్లాంటాలోని ఇలెవెన్త్ సర్క్యూట్ 2021లో ఒక రెస్టారెంటు కేసులో కేవలం ముప్పు చాలదంది. దొంగలు కావాలనే చొరబడ్డారా, పోయినవి సోషల్ సెక్యూరిటీ నంబర్ల వంటివా, కొందరివైనా ఇప్పటికే దుర్వినియోగం అయ్యాయా అన్నవి ఎక్కువ కోర్టులు చూసే కొలబద్దలు. ఈ మూడింటిలో మొదటి రెండూ అకౌంటింగ్ చోరీల్లో చాలాసార్లు బాధితుడి వైపే ఉంటాయి. ఫెడరల్ కోర్టు కాదన్నా రాష్ట్ర కోర్టు తలుపు తెరిచే ఉండవచ్చు, ఎందుకంటే ఫెడరల్ రాజ్యాంగంలోని ఆ షరతు రాష్ట్ర కోర్టులకు వర్తించదు.

దావాలో ఏం అడుగుతారు

ప్రధానమైనది నిర్లక్ష్యం. దానితో పాటు అప్రకటిత ఒప్పంద ఉల్లంఘన, నమ్మకద్రోహం, రాష్ట్ర వినియోగదారుల చట్టాల ఉల్లంఘన కలిపి అడగడం మామూలు. డబ్బు నష్టం మాత్రమే జరిగితే నిర్లక్ష్యం కింద దావా కుదరదన్న పాత సూత్రం కొన్ని రాష్ట్రాల్లో అడ్డుపడుతుంది. పెన్సిల్వేనియా సుప్రీంకోర్టు 2018లో యూపీఎంసీ ఆస్పత్రుల సంస్థ ఉద్యోగుల కేసులో ఆ అడ్డు తొలగించింది. దాదాపు 62,000 మంది సిబ్బంది వివరాలు పోయి, కొందరి పేరుతో దొంగ రిటర్నులు పడ్డ సంఘటన అది. సమాచారం సేకరించి ఇంటర్నెట్‌తో కలిసిన కంప్యూటర్లో పెట్టుకున్నవారికి దాన్ని తగిన జాగ్రత్తతో కాపాడే బాధ్యత ఉందని ఆ కోర్టు చెప్పింది. ఈ విషయంలో ఇంత సూటిగా మాట్లాడిన తీర్పులు కొద్ది.

కాలిఫోర్నియా వాసులకు మరో ఆయుధం ఉంది. అక్కడి వినియోగదారుల గోప్యతా చట్టం, అసలు నష్టం ఎంతో రుజువు చేయకపోయినా, ఒక్కో సంఘటనకు మనిషికి 100 నుంచి 750 డాలర్ల వరకు ఇప్పించేలా రాశారు. తర్వాత ధరల సూచీ ప్రకారం ఆ మొత్తాలను కొంచెం పెంచారు. వార్షిక రాబడి భారీగా ఉన్నవారికీ, పెద్ద ఎత్తున సమాచారంతో వ్యాపారం చేసేవారికీ మాత్రమే ఆ చట్టం వర్తిస్తుంది కాబట్టి వీధి చివరి చిన్న సీపీఏ కార్యాలయం దాని పరిధిలోకి రాదు.

బాధితులందరూ నేరుగా ఖాతాదారులే కానక్కర్లేదు. షికాగో ప్రాంతపు బాన్స్లీ అండ్ కీనర్ సంస్థలో 2020 డిసెంబరులో బయటపడ్డ రాన్సమ్‌వేర్ దాడిలో రెండు లక్షల డెబ్బై వేల మందికి పైగా వివరాలు చిక్కాయి. వారిలో చాలామంది ఆ సంస్థ పేరు కూడా విని ఉండరు. తమ కార్మిక సంఘపు ప్రయోజన పథకాల లెక్కలు అక్కడ ఆడిట్ అవడం వల్ల చిక్కుకున్నవాళ్లు. నోటీసులు వెళ్లింది 2021 డిసెంబరులో. ఉద్యోగుల జీతాల లెక్కలు బయటి అకౌంటెంటుకు ఇచ్చిన చిన్న వ్యాపారి కూడా ఇలాంటి సందర్భంలో రెండువైపులా ఇరుక్కుంటాడు. అతను సంస్థకు ఖాతాదారు, తన ఉద్యోగులకు మాత్రం సమాచారం తెలపాల్సిన బాధ్యుడు.

దావాకు ముందు తీసి చదవాల్సిన కాగితం ఎంగేజ్‌మెంట్ లెటర్. పని మొదలయ్యేటప్పుడు సంతకం పెట్టి మరిచిపోయే ఆ ఉత్తరంలోనే సంస్థ బాధ్యతకు పరిమితి, తగాదా వస్తే మధ్యవర్తి దగ్గరకే వెళ్లాలన్న షరతు, కలిసి దావా వేయకూడదన్న షరతు ఉండవచ్చు. 2011లో ఏటీ అండ్ టీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు తర్వాత అలాంటి షరతులను కోర్టులు చాలావరకు నిలబెడుతున్నాయి. సంతకం పెట్టే రోజున అడిగి మార్పించుకునే వీలు ఖాతాదారుకు ఉంటుంది, చోరీ తర్వాత ఉండదు.

కనీసం వందమంది బాధితులు, 50 లక్షల డాలర్లకు మించిన వివాదం, వేర్వేరు రాష్ట్రాల పక్షాలు ఉంటే 2005 నాటి చట్టం క్లాస్ యాక్షన్‌ను, అంటే బాధితులందరి తరఫున వేసే ఉమ్మడి దావాను, ఫెడరల్ కోర్టుకు చేరుస్తుంది. ఇవి తీర్పుదాకా వెళ్లడం అరుదు, ఎక్కువ సెటిల్‌మెంటుతో ముగుస్తాయి. రసీదులు చూపిన ఖర్చు, గంటల లెక్కన పోయిన సమయం, కొన్నేళ్ల పర్యవేక్షణ, ఏ రుజువూ లేనివారికి కొద్దిపాటి నగదు ఇందులో ఉంటాయి. లాయర్ల ఫీజు నిధిలో మూడోవంతు దాకా పోవచ్చు. క్రెడిట్ బ్యూరో ఈక్విఫాక్స్‌లో జరిగిన చోరీపై 2019 సెటిల్‌మెంటులో 125 డాలర్లు వస్తాయని లక్షలమంది ఎదురుచూశారు. ఆ వాటాకు కేటాయించింది 3.1 కోట్ల డాలర్లే కావడంతో చేతికొచ్చింది చాలా తక్కువ. పెద్ద నష్టం జరిగినవారు గడువులోగా క్లాస్ నుంచి తప్పుకుని సొంత దావా వేసుకోవడమే మేలు. ఏమీ పంపకుండా ఊరుకుంటే డబ్బూ రాదు, దావా హక్కూ పోతుంది. చిన్న మొత్తాలకు లాయరు అక్కర్లేని స్మాల్ క్లెయిమ్స్ దారి ఉంది. టెక్సస్‌లో 20,000 డాలర్ల వరకు, కాలిఫోర్నియాలో వ్యక్తులకు 12,500 డాలర్ల వరకు అక్కడ అడగవచ్చు. నిర్లక్ష్యం దావాకు కాలపరిమితి టెక్సస్‌లో రెండేళ్లు, న్యూయార్క్‌లో మూడేళ్లు.

హైదరాబాదు ముడి

అమెరికా సీపీఏ సంస్థలు రిటర్నుల తయారీలో కొంత పనిని హైదరాబాదు వంటి నగరాల్లోని కార్యాలయాలకు పంపుతాయి. ఇక్కడి యువతీయువకులకు యూఎస్ టాక్స్ ఉద్యోగాలుగా తెలిసినవి ఇవే. అమెరికా పన్నుల చట్టంలోని 7216వ సెక్షన్ ప్రకారం ఖాతాదారు సమాచారం దేశం దాటించాలంటే నిర్దిష్ట మాటలతో రాతపూర్వక సమ్మతి ముందే తీసుకోవాలి. సరైన భద్రతా ఏర్పాట్లు రెండు చివర్లా లేకపోతే సోషల్ సెక్యూరిటీ నంబరును కప్పిపెట్టే పంపాలి. తెలిసో, తెగింపు నిర్లక్ష్యంతోనో ఉల్లంఘిస్తే నేరం, ఏడాది వరకు జైలు. 6713వ సెక్షన్ కింద సివిల్ జరిమానా వేరే ఉంది. సమ్మతి లేకుండా పని బయటికి వెళ్లిందని తేలితే అది దావాలో గట్టి సాక్ష్యం. ఐఆర్ఎస్‌కూ, రాష్ట్ర అకౌంటెన్సీ బోర్డుకూ ఫిర్యాదు చేయడానికి అదే ఆధారం. అకౌంటెన్సీ బోర్డు లైసెన్సు మీద చర్య తీసుకోగలదు.

ఐరోపా

ఐరోపా సమాఖ్యలో డేటా రక్షణ చట్టమైన జీడీపీఆర్ 82వ అధికరణం మనోవేదనకు కూడా పరిహారం అడగనిస్తుంది. బల్గేరియా పన్నుల శాఖ నుంచి 2019లో లక్షలాది మంది వివరాలు పోయిన కేసులో, దుర్వినియోగం అవుతుందన్న న్యాయమైన భయమే నష్టం కాగలదని ఐరోపా న్యాయస్థానం 2023 డిసెంబరు 14న చెప్పింది. ఆ భయం నిజమని రుజువు చేసే భారం బాధితుడిదే. అమెరికా సుప్రీంకోర్టు మూసిన తలుపును ఇది సగమైనా తెరిచింది.

భారత్‌లో

మన దగ్గర ఆడిటరు గారి ఆఫీసులో ఉండేవి పాన్, ఆధార్ ప్రతులు మాత్రమే కాదు. ఆదాయపు పన్ను, జీఎస్టీ పోర్టళ్ల పాస్‌వర్డులు ఒకే ఎక్సెల్ షీటులో వరసగా ఉంటాయి. వ్యాపారుల డిజిటల్ సంతకపు డాంగిళ్లు పేర్లు రాసిన కవర్లలో సొరుగులోనే ఉంటాయి. ఆ షీటు పోతే దొంగ జీఎస్టీ రిజిస్ట్రేషన్ల దాకా వెళ్లవచ్చు.

ఇప్పటివరకు పరిహారానికి ఆధారం సమాచార సాంకేతిక చట్టంలోని 43ఎ సెక్షన్. సున్నితమైన వ్యక్తిగత సమాచారాన్ని కాపాడడంలో నిర్లక్ష్యం వల్ల నష్టం జరిగితే పరిహారం చెల్లించాలంటుంది అది. వృత్తిపరమైన సేవలిచ్చే భాగస్వామ్య సంస్థ, ఒంటరిగా నడిపే ఆఫీసు కూడా అందులోని బాడీ కార్పొరేట్ నిర్వచనంలోకి వస్తాయి. ఐదు కోట్ల రూపాయల లోపు క్లెయిము అయితే రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి న్యాయనిర్ణయాధికారిగా విచారిస్తారు. అంతకు మించితే సివిల్ కోర్టు. అప్పీలు టీడీశాట్ ట్రిబ్యునల్‌కు వెళుతుంది. తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఇదే ఏర్పాటు. ఈ అధికారి ఉన్నారన్న సంగతే చాలామంది బాధితులకు తెలియదు, పోలీసు ఫిర్యాదుతో ఆగిపోతారు.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ఈ దారిని మూసేస్తోంది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. ముఖ్య బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి వస్తాయి, 43ఎ రద్దు కూడా అప్పుడే. కొత్త చట్టం కింద భద్రతలో విఫలమైతే 250 కోట్ల వరకు, చోరీ సంగతి డేటా రక్షణ బోర్డుకూ బాధితులకూ చెప్పకపోతే 200 కోట్ల వరకు జరిమానా ఉంది. వివరమైన నివేదిక బోర్డుకు 72 గంటల్లో ఇవ్వాలి. ఇవి గట్టి నియమాలే. కానీ జరిమానా మొత్తం భారత సంచిత నిధికి జమవుతుంది, బాధితుడికి ఒక్క రూపాయి ఇప్పించే అధికారం డేటా రక్షణ బోర్డుకు లేదు. బోర్డు పరిధిలోని విషయాలపై సివిల్ కోర్టు తలుపు కూడా మూసేశారు. ఉన్న పరిహారపు హక్కు తీసేసి దాని బదులు ఏదీ పెట్టకపోవడం ఈ చట్టంలోని పెద్ద లోపం. అమల్లోకి రాకముందే పార్లమెంటు దాన్ని సరిదిద్దాలి. ఈలోగా చోరీకి గురైనవారు 43ఎ కింద దరఖాస్తు ఆలస్యం చేయకుండా వేసుకోవాలి.

వినియోగదారుల కమిషన్‌లో సేవాలోపం కింద రెండేళ్లలోగా ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ఫీజు 50 లక్షల లోపు అయితే జిల్లా కమిషన్ చాలు. వ్యాపార అవసరానికి సేవ తీసుకున్నవారు వినియోగదారులు కారన్న అభ్యంతరం ఎదురవుతుంది. న్యాయవాదులు ఆ చట్టం పరిధిలోకి రారని సుప్రీంకోర్టు 2024 మేలో చెప్పినప్పటి నుంచి ఇతర వృత్తుల వారూ అదే వాదన ఎత్తుకోవచ్చు. ఆ తీర్పు మాత్రం న్యాయవాదుల గురించే.

చార్టర్డ్ అకౌంటెంట్ల మీద వృత్తిపరమైన ఫిర్యాదు వారి వృత్తి మండలి ఐసీఏఐలోని క్రమశిక్షణ విభాగానికి వెళుతుంది. 1949 చట్టం రెండో షెడ్యూలు మొదటి భాగంలో, ఖాతాదారు సమ్మతి లేకుండా సమాచారం బయటపెట్టడం ఒకటో క్లాజు, తగిన శ్రద్ధ చూపకపోవడం ఏడో క్లాజు. హ్యాకింగ్ కేసుల్లో పనికొచ్చేది ఏడోదే. ఉద్యోగే సమాచారం అమ్ముకుంటే ఐటీ చట్టం 72ఎ కింద మూడేళ్ల వరకు జైలు పడవచ్చు. అందుకు దురుద్దేశం రుజువు కావాలి. డబ్బు పోయి ఉంటే ముందుగా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. సంస్థ అయితే 2022 ఏప్రిల్ 28 నాటి ఆదేశాల ప్రకారం సంఘటన గమనించిన ఆరు గంటల్లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు తెలపాలి. ఆ నివేదిక పంపారా, ఏ తేదీన పంపారు అని ఖాతాదారు రాతపూర్వకంగా అడిగి, వచ్చిన జవాబును 43ఎ దరఖాస్తుకు జతచేయవచ్చు. జవాబు రాకపోతే అడిగిన ఉత్తరం, దాని స్పీడ్ పోస్టు రసీదు జతచేయాలి.